పాత మోటారు సైకిల్లో పెట్రోల్ వాసన: మూలాన్ని పట్టుకునే క్రమం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇరవై ఏళ్లు దాటిన బండ్లు ఇప్పటికీ రోజువారీ పనిలో ఉన్నాయి. పాలకేన్లు మోసే సీడీ 100, బడికి వెళ్లే మాస్టారి స్ప్లెండర్, 1996లోనే తయారీ ఆగిపోయినా అపురూపంగా దాచుకున్న ఆర్‌ఎక్స్ 100, సంతకు వెళ్లే బాక్సర్, అన్నీ కార్బరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న బండ్లే. వీటిలో ఏదో ఒకరోజు పెట్రోల్ వాసన మొదలవుతుంది. సాధారణంగా జరిగేది ఏమిటంటే, మొదట నీడిల్ (కార్బరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) మారుస్తారు, తరువాత పైపు మారుస్తారు, చివరికి కార్బరేటర్ మొత్తం మార్చేస్తారు. వాసన మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే లోపం మూత వాషర్‌లోనో ట్యాంకు కింద పెట్రోల్‌ను తెరిచి మూసే కాక్ ప్యాకింగ్‌లోనో ఉండి ఉంటుంది. స్పానర్ పట్టుకోవడానికి ముందే వాసన ఏ సమయంలో వస్తోందో గమనించి, పెట్రోల్ ప్రయాణించే దారిని ముక్కలుగా విడదీసి పరీక్షిస్తే, విప్పవలసిన భాగం ఒక్కటే మిగులుతుంది. ఈ వ్యాసం ఆ క్రమాన్ని వివరిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి వేడి వాతావరణం అక్కరలేదు. గడ్డకట్టించే చలిలో కూడా, సున్నాకు దాదాపు 40 డిగ్రీల కింద కూడా, నిప్పు తగిలితే మండగల ఆవిరిని అది వదులుతుంది. పైగా ఆ ఆవిరి గాలి కన్నా చాలా బరువైనది కాబట్టి పైకి తేలిపోకుండా నేల వెంబడే పాకి గోడ మూలల్లో, మెట్ల కింద, మురుగు గుంటల్లో నిలుస్తుంది. మన ఊళ్లలో దొంగల భయంతో రాత్రిపూట బండిని వరండాలోకో ముందు గదిలోకో ఎక్కించడం చాలా ఇళ్లలో అలవాటు. అదే గదిలో నేలమీద దోమల చక్రం వెలుగుతూ ఉంటుంది, పక్కన ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ లోపల చిన్న మెరుపును పుట్టిస్తూ ఉంటుంది. వాసన మొదలైన రోజు నుంచి మూలం దొరికేవరకు బండిని ఇంట్లో పెట్టకూడదు. ఈ ఒక్క నియమం మిగిలిన వివరాలన్నిటికన్నా ముఖ్యం.

పరీక్ష ఆరుబయట, నీడలో, గాలి ఆడేచోట, ఇంజను పూర్తిగా చల్లారాక చేయాలి. చూడటానికి ఎల్‌ఈడీ టార్చి వాడాలి. అగ్గిపుల్ల, లైటరు, వైరుకు వేలాడదీసిన పాత బల్బు దగ్గరకు రానీయకూడదు. ఒక బకెట్ ఇసుక పక్కన ఉండాలి, వీలుంటే పొడి రకం మంటలార్పే సిలిండర్ ఉంటే ఇంకా మంచిది. మండుతున్న పెట్రోల్ మీద నీళ్లు పోస్తే అది నీటిమీద తేలి మంటను మరింత దూరం తీసుకుపోతుంది. బయటకు తీసిన పెట్రోల్‌ను మంచినీళ్ల సీసాలో పోసి అటక మీద పెట్టడం మన దగ్గర తరచుగా కనిపించే ప్రమాదకరమైన అలవాటు. గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలోకి పట్టి, పని అయ్యాక వడగట్టి తిరిగి ట్యాంకులో పోయాలి.

పనిముట్లు ఎక్కువ అవసరం లేదు. 10 నంబరు స్పానర్, కటింగ్ ప్లేయర్, మరకు సరిగ్గా పట్టే ప్లస్ స్క్రూడ్రైవర్, ఒక స్టీలు గిన్నె, ఉతికిన నూలు గుడ్డలు, తెల్ల కాగితాలు, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా, ఒక మూర పొడవు పారదర్శక పైపు ఉంటే చాలు.

మొదటి అడుగు: వాసన ఎప్పుడు వస్తోంది?

రెండు మూడు రోజులు ఏమీ విప్పకుండా బండిని మామూలుగా వాడుతూ, వాసన వచ్చిన ప్రతిసారీ మూడు సంగతులు రాసుకోవాలి: ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది, బండి ఏ స్టాండు మీద ఉంది, ఇంజను నడుస్తోందా ఆగి ఉందా. ముక్కు కొద్ది నిమిషాల్లోనే వాసనకు అలవాటుపడిపోతుంది కాబట్టి బండి దగ్గరే కూర్చుని పసిగట్టాలని చూస్తే ఫలితం ఉండదు; పది నిమిషాలు దూరంగా వెళ్లి రావాలి, లేదా అప్పుడే బయటి నుంచి వచ్చిన ఇంట్లోవారిని అడగాలి.

బంకులో నింపించిన రోజున మాత్రమే వాసన వచ్చి, పెట్రోల్ సగానికి దిగాక పోతే, అనుమానం మూత మీద, ట్యాంకు పైభాగం మీద, లేదా ట్యాంకులో బిగించిన పెట్రోల్ మీటరు యూనిట్ ప్యాకింగ్ మీద పడాలి. రాత్రంతా నిలబెట్టి ఉదయాన్నే చూస్తే ఘాటుగా ఉంటే, అది కారడమే. కాక్ గాని, పైపు గాని, కార్బరేటర్ గాని కావచ్చు. నడుస్తున్నప్పుడు మాత్రమే, అదీ వెనుక కూర్చున్నవారికి ఎక్కువగా తెలిస్తే, సైలెన్సర్ నుంచి కాలని పెట్రోల్ వస్తోందని భావించాలి. సైడ్ స్టాండు మీద వస్తూ సెంటర్ స్టాండు మీద రాకపోతే కార్బరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం ఉండవలసినదానికన్నా కొంచెం ఎక్కువగా ఉందని అర్థం, ఎందుకంటే ఎడమకు వాలినప్పుడే అది పొర్లుతోంది.

వీటిలో ఏదీ కాని వాసన ఒకటుంది. మే నెల మధ్యాహ్నం రణస్థలం నుంచి నరసన్నపేట దాకా హైవే మీద ఆపకుండా వచ్చి బండి ఆపితే, ఇంజను వేడి కార్బరేటర్‌కు ఎక్కి గిన్నెలోని పెట్రోల్ కొంత ఆవిరవుతుంది. ఐదు పది నిమిషాల్లో పోయే ఆ పలుచని వాసన లోపం కాదు. 2017 తరువాత అమ్మిన బండ్లలో ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంటుంది. అంతకుముందువి ఆ ఆవిరిని నేరుగా గాలిలోకే వదులుతాయి. కాబట్టి పాత బండి దగ్గర అసలు వాసనే ఉండకూడదని పట్టుబట్టడం సరికాదు. తడి కనిపించినా, వాసన అరగంట దాటి నిలిచినా, నిన్నటికన్నా నేడు పెరిగినా మాత్రం వెతకాలి.

రెండో అడుగు: దారిని విడదీయడం

పెట్రోల్ ట్యాంకు నుంచి కాక్‌కు, అక్కడి నుంచి పైపు ద్వారా కార్బరేటర్ నీడిల్‌కు, నీడిల్ దాటి గిన్నెలోకి దిగుతుంది. ఈ దారికి కాక్ ఒక తలుపు, నీడిల్ మరొక తలుపు. ఒక్కొక్కటి మూసి చూస్తే లోపం ఏ గదిలో ఉందో తేలిపోతుంది.

అయితే కాక్ నిజంగా మూసుకుంటోందా అన్నది ముందే తేల్చుకోవాలి, లేకపోతే తరువాతి పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. కాక్‌ను ఆఫ్ చేసి, కార్బరేటర్ వైపు పైపు చివరను నెమ్మదిగా ఊడదీసి స్టీలు గిన్నెలో పెట్టాలి. పైపులో మిగిలిన నాలుగు చుక్కలు పడి ఆగాలి. పది నిమిషాల తరువాత కూడా చుక్క రాలుతుంటే కాక్ లోపలి ప్యాకింగ్ అరిగిపోయింది. అదే మొదటి మరమ్మతు. కొన్ని మోడళ్లలో ఆఫ్ స్థానమే ఉండదు; ఇంజను పీల్పుతో తెరుచుకునే వాక్యూమ్ కాక్ ఉంటుంది. వాటిలో ఇంజను ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ రాకూడదు. వస్తే, లేదా ఇంజనుకు వెళ్లే సన్నని వాక్యూమ్ పైపు లోపల పెట్రోల్ తడి కనిపిస్తే, లోపలి పొర చిరిగినట్టే.

కాక్ సరిగ్గా ఉందని తేలాక, ఆ సాయంత్రం ఇంజను నడుస్తుండగానే కాక్ ఆఫ్ చేసి, కార్బరేటర్ గిన్నెలోని పెట్రోల్ అయిపోయి ఇంజను దానంతటదే ఆగేవరకు వదలాలి. ఇది కొన్ని నిమిషాల పని. ఆ రాత్రి బండిని బయట సెంటర్ స్టాండు మీద ఉంచి, కింద తెల్ల కాగితాలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టాలి. ఉదయం వాసన ఉంటే లోపం కాక్‌కు పైన లేదా కాక్‌లోనే ఉంది. లేకపోతే ట్యాంకు వైపు చూడవలసిన అవసరం లేదు.

తరువాతి పరీక్షను పగలే, మనిషి దగ్గరుండగా చేయాలి. కాక్ ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఒక గంట వదలాలి. ఈ పరీక్షను రాత్రంతా పెట్టకూడదు. నీడిల్ పట్టడం లేదంటే పెట్రోల్ ఇంజనులోకి దిగిపోవచ్చు, ఆ సంగతి తరువాత వివరిస్తాను. గంటలో తడి కనిపిస్తే పైపు, నీడిల్, గిన్నె మూడింటిలో ఒకటి. ఇప్పుడు కాక్ ఆఫ్ చేసి, గిన్నెలో పెట్రోల్ నిండుగా ఉండగానే చూడాలి. అంతా తుడిచి ఆరబెట్టాక కూడా తడి మళ్లీ వస్తే గిన్నె నుంచే కారుతోంది: ప్యాకింగ్, గిన్నెను ఖాళీ చేసే డ్రెయిన్ స్క్రూ, లేదా ఎక్కువైన పెట్రోల్‌ను బయటకు పంపే లోపలి ఓవర్‌ఫ్లో గొట్టం. కాక్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే కారుతుంటే పైపుగాని, నీడిల్ గాని. విప్పకుండానే ఇంత దూరం రావచ్చు.

మూడో అడుగు: తడి జాడ

పెట్రోల్ కారిన చోటే చుక్కగా రాలదు. ట్యాంకు అంచున ఊరి, ఫ్రేము వెంబడి జారి, పైపు మీదుగా దిగి కార్బరేటర్ అడుగున వేలాడుతుంది. కింద చుక్క చూసి కార్బరేటర్ విప్పినవారు అందుకే నిరాశపడతారు. జాడలో అన్నిటికన్నా పైన ఉన్న తడి ఎక్కడుందో, మూలం అక్కడ ఉంటుంది.

ముందుగా ట్యాంకు కింద, కాక్ చుట్టూ, కార్బరేటర్ బయటి భాగమంతా మట్టి, జిడ్డు లేకుండా గుడ్డతో తుడవాలి. పూర్తిగా ఆరిన తరువాత పౌడరును చేతిలో పోసుకుని ఆ ప్రదేశం మీదికి మెల్లగా ఊదాలి. పలుచని తెల్లని పొర ఏర్పడుతుంది. పెట్రోల్ ఊరినచోట ఆ తెలుపు చెదిరి, ముదురు రంగు గీత కిందికి దిగుతుంది. కొద్ది సేపట్లో పెట్రోల్ ఎగిరిపోయినా గీత గట్టిపడి అలాగే ఉంటుంది. పౌడరు బదులు ముగ్గు పిండి వాడవద్దు. అందులోని రాతి గరుకు ఎయిర్ ఫిల్టర్ దారిన లోపలికి పోతే సిలిండర్‌కు చేటు.

చాలాకాలంగా కొద్దికొద్దిగా ఊరుతున్న చోట పౌడరు కూడా అక్కరలేదు. పెట్రోల్ ఎగిరిపోతూ గోధుమరంగు జిగురు పొరను వదిలి వెళ్తుంది. కాక్ మీట చుట్టూ, గిన్నె అతుకు వెంబడి అలాంటి మెరిసే మరక ఉండి, దానికి దుమ్ము అతుక్కుని ఉంటే అది పాత లీకే.

మూత, ట్యాంకు

మూత సంగతి త్వరగా తేలుతుంది. రబ్బరు వాషర్ గట్టిపడి పగిలిందా, మూత లోపలి గాలి రంధ్రం మూసుకుపోయిందా అని చూడటమే. రంధ్రం మూసుకుపోతే ఎండలో ట్యాంకులో ఒత్తిడి పెరిగి పెట్రోల్ నీడిల్‌ను తోసుకుని దిగుతుంది. ప్రయాణంలో అయితే పీల్పు ఏర్పడి బండి ఆగిపోతుంది. మూత తీసినప్పుడు బుస్సుమన్న శబ్దం వస్తే రంధ్రాన్ని శుభ్రం చేయాలి.

బంకులో అంచుదాకా నింపించడం మాత్రం కొంచెం వివరంగా చెప్పవలసిన విషయం. భూమి లోపలి ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ చల్లగా ఉంటుంది. దాన్ని పది లీటర్ల ట్యాంకులో నిండా పోయించి, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర నీడలేని చోట బండి నిలిపి బజారు పనికి వెళ్తే, పెట్రోల్ 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని పరిమాణం దాదాపు 190 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగినదానికి లోపల చోటు లేదు కాబట్టి మూత సందు నుంచి ట్యాంకు మీదికి వస్తుంది, సైడ్ స్టాండు మీద అయితే మరీ త్వరగా. ఇది బండి లోపం కాదు. మూత మెడకు రెండు వేళ్లు కింద ఆపించడమే దీనికి వైద్యం.

ట్యాంకు తుప్పు అంతకన్నా తీవ్రమైనది. కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బయటినుంచి, ట్యాంకు అడుగున చేరిన నీటికి లోపలినుంచి రేకు తింటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఎన్నో బండ్లు వానలో, వరద నీటిలో నిలిచిపోయాయి. అలా ఒక్కసారి నీళ్లు దూరిన ట్యాంకును ఎండబెట్టకుండా వదిలేస్తే తుప్పు ఏళ్ల తరబడి లోపల పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటితే నీటితో కలిసి విడిపోయి అడుగున వేరే పొరగా నిలుస్తుంది. నెలల తరబడి నడపకుండా వానాకాలంలో నిలబెట్టే బండికి ఇది మంచిది కాదు.

రేకు అతుకు ట్యాంకు అడుగున, సీటు కిందికి వచ్చే అంచున ఉంటుంది. సీటు తీసి, టార్చి వేసి, ఆ అంచును వేలితో తడుముతూ వెళ్లాలి. పెయింటు బుడగలా ఉబ్బి, నొక్కితే పొడిలా రాలేచోటు ఉంటే అక్కడే సూదిమొన అంత రంధ్రం ఉంటుంది. మెత్తటి సీలెంటు ముద్ద అద్దితే వారం రెండు వారాలు ఆగుతుంది, ఇంటికి చేరడానికి మాత్రమే అది పనికివస్తుంది. ట్యాంకు ఖాళీ చేశాం కదా అని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లడం ఘోరమైన పొరపాటు. ద్రవంతో నిండిన ట్యాంకు కన్నా ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది. ట్యాంకును కడిగి, నీళ్లు నింపి, ఆవిరిని పూర్తిగా వెళ్లగొట్టి అతికే పని తెలిసినవారికే ఇవ్వాలి. వరుసగా రెండు మూడు రంధ్రాలు కనిపించిన ట్యాంకుకు అతుకులు వేయించడంకన్నా మంచి పాత ట్యాంకు వెతుక్కోవడమే నయమని నా అభిప్రాయం.

కాక్, పైపు

కాక్‌లో మూడు చోట్ల ఊరుతుంది. ట్యాంకుకు బిగించినచోట ఓ-రింగ్, మీట వెనుక నాలుగు రంధ్రాల రబ్బరు ప్యాకింగ్, అడుగున చెత్త నిలిచే చిన్న గిన్నె వాషర్. మీటను ఆన్, రిజర్వ్, ఆఫ్ స్థానాలకు తిప్పుతూ పౌడరు పరీక్ష చేస్తే ఒక్క స్థానంలోనే ఊరే లోపం కూడా బయటపడుతుంది. మీట వెనుక ప్యాకింగ్ దొరికే బండ్లకు అదొక్కటే మార్చవచ్చు. రివెట్లతో మూసిన కాక్ అయితే మొత్తం మార్చాలి. విప్పే ముందు ట్యాంకు ఖాళీ చేయాలని వేరే చెప్పనక్కర లేదు, కాని రిజర్వ్ మట్టం ఆన్ మట్టం కన్నా కిందికి ఉంటుంది కాబట్టి రిజర్వ్‌లో పెట్టి ఖాళీ చేయాలన్నది గుర్తుంచుకోవాలి.

పైపును వంచి చూడాలి. వంచినచోట సన్నని పగుళ్లు తేలితే, చివర్లు వదులై క్లిప్పు పట్టు లేకుండా తిరుగుతుంటే మార్చవలసిందే. చూడటానికి బాగుంటుందని చాలామంది వేయించుకునే పారదర్శక ప్లాస్టిక్ పైపు మన ఎండకు, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పసుపెక్కి గట్టిపడి, బిగించినచోట జారిపోతుంది. పెట్రోల్ కోసమే తయారైన నల్ల రబ్బరు పైపు వేయాలి. పాత ముక్క దుకాణానికి తీసుకెళ్లి లోపలి వెడల్పు సరిచూసుకోవాలి. వదులు పైపును తీగ చుట్టి బిగిస్తే తీగ రబ్బరును కోస్తుంది. స్ప్రింగు క్లిప్పులు చవకైనవే.

కార్బరేటర్

ఎక్కువ బండ్లలో వెతుకులాట ఇక్కడే ముగుస్తుంది. గిన్నెలోని ఫ్లోట్ పనిచేసే తీరు మేడమీద నీళ్ల ట్యాంకులో బంతి కుళాయి లాంటిదే: మట్టం పెరిగితే ఫ్లోట్ తేలి, సూదిలాంటి నీడిల్‌ను దాని సీటులోకి నొక్కి పెట్రోల్‌ను ఆపుతుంది. అది ఆపకపోతే గిన్నె నిండి, ఓవర్‌ఫ్లో పైపు ద్వారా ఇంజను కిందికి కారుతుంది. ఈ పైపు చివర కారుతోందని దాన్ని మడిచి దారంతో కట్టేవారూ, స్క్రూ దూర్చేవారూ ఉన్నారు. అలా చేస్తే పెట్రోల్ నేలమీద పడదు, ఇంజనులోకి పోతుంది. ఆ పైపు కారడం రోగం కాదు, రోగం బయటపడే దారి, దాన్ని మూయకూడదు.

విప్పే ముందు రెండు చిన్న పనులు చేయాలి. డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులుచేసి కొంత పెట్రోల్‌ను వదిలి మళ్లీ బిగించాలి. చాలా కార్బరేటర్లలో డ్రెయిన్, ఓవర్‌ఫ్లో రెండూ ఒకే రంధ్రం నుంచి వస్తాయి కాబట్టి స్క్రూ కొనకు ఇసుకరేణువు అడ్డుపడినా అచ్చం ఓవర్‌ఫ్లో లాగే కనిపిస్తుంది. తరువాత కాక్ ఆన్‌లో ఉండగా స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె పక్కన మెల్లగా తట్టాలి. కారడం ఆగితే ఫ్లోట్ ఇరుక్కుంది లేదా నీడిల్ మీద చెత్త పడింది. అప్పుడు శుభ్రం చేస్తే చాలు, సామాను కొననక్కర లేదు.

మట్టం ఎంత ఉందో కూడా విప్పకుండా కొలవవచ్చు. పారదర్శక పైపును డ్రెయిన్ ముక్కుకు తొడిగి, దాని రెండో చివరను పైకి లేపి కార్బరేటర్ పక్కనే నిలువుగా పట్టుకుని, కాక్ ఆన్ చేసి, స్క్రూ వదులు చేయాలి. లోపల ఎంత మట్టం ఉందో పైపులోనూ అంతే ఎత్తున నిలుస్తుంది. సాధారణంగా అది గిన్నె అతుకు గీతకు కొంచెం కింద ఆగాలి. గీత దాటి మెల్లగా పైకి పాకుతూనే ఉంటే నీడిల్ పట్టడం లేదు.

గిన్నె మరలు మెత్తని లోహంతో చేసినవి. తప్పుడు కొలత స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగి ఇక ఊడవు. గిన్నె తీశాక ఫ్లోట్ పిన్ను లాగి, నీడిల్‌ను వెలుగులో పట్టుకుని దాని మొనను చూడాలి. మొన చుట్టూ ఉంగరంలా గాడి పడి ఉంటే అది అరిగింది. గాడి లేకున్నా, సీటు లోపల మెరుపు సమానంగా లేకుండా ఒకవైపు గీత ఉంటే కొత్త నీడిల్ కూడా ఆగదు. సీటు విడిగా దొరికితే రెండూ కలిపే మార్చాలి. తిరిగి బిగించే ముందు కార్బరేటర్‌ను తలకిందులుగా పట్టుకుని, పెట్రోల్ వచ్చే ముక్కుకు శుభ్రమైన పైపు తొడిగి నోటితో ఊదాలి. ఫ్లోట్ బరువు నీడిల్‌ను మూసి ఉంచినప్పుడు గాలి పోకూడదు, ఫ్లోట్ వేలితో ఎత్తితే పోవాలి.

ఫ్లోటే చెడిపోయి ఉండవచ్చు. ప్లాస్టిక్ ఫ్లోట్ అయితే ఊపి చూసి, లోపల పెట్రోల్ చప్పుడు వస్తే పారేయాలి. పాత బండ్ల ఇత్తడి ఫ్లోట్‌కు విజయనగరంలో ఒక పెద్ద మేస్త్రీ చేసే పరీక్ష చూడదగ్గది: పక్క టీ కొట్టు నుంచి గ్లాసుడు మరిగిన నీళ్లు తెప్పించి, దుకాణం బయట గట్టు మీద పెట్టి, ఫ్లోట్‌ను చెంచాతో నీటి అడుక్కి నొక్కి పట్టుకుంటాడు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, కంటికి ఆనని పగులు నుంచి చిన్న చిన్న బుడగల గొలుసు లేస్తుంది. ఆ చోట సూదితో గుర్తు గీసి, లోపలి పెట్రోల్ పూర్తిగా ఆరిపోయాకనే టంకం వేయిస్తాడు.

నీడిల్ మార్చి, ఫ్లోట్ బాగుండి, మట్టం సరిగ్గా ఉన్నా కారుతూనే ఉన్న బండి ఒకటి అదే దుకాణానికి వచ్చింది. “నీడిల్ మార్చీసినా కారతందేటి? అయితే గిన్నిలో గొట్టం సూడు బాబూ” అన్నాడు ఆయన. కొన్ని కార్బరేటర్ల గిన్నెలో నిలువుగా ఒక సన్నని ఇత్తడి గొట్టం ఉంటుంది. మట్టం దాని పైఅంచు దాటితే పెట్రోల్ అందులోంచి బయటకు పోతుంది. ఏళ్ల తరబడి అదురుకు ఆ గొట్టం మొదట్లో వెంట్రుకంత చీలిక వస్తుంది. దీన్ని పరీక్షించడం సులువు. గిన్నెను విడిగా బల్ల మీద నిలబెట్టి, గొట్టం పైఅంచుకు కొంచెం కిందివరకు పెట్రోల్ పోసి, బయటి ముక్కును పొడిగా తుడిచి కాగితం పెట్టి చూడాలి. కాగితం తడిస్తే గొట్టం చీలింది, గిన్నె మార్చాలి. సామాన్యంగా ఎవరూ చూడని ఈ భాగం వల్లే మంచి కార్బరేటర్లు ఎన్నో తుక్కులోకి పోతున్నాయి.

గిన్నె ప్యాకింగ్ రబ్బరు పెట్రోల్‌లో నాని ఉబ్బి, తిరిగి గాడిలో కూర్చోనని మొరాయిస్తుంది. లాగి నొక్కి బిగిస్తే ఒకచోట నలిగి అక్కడే కారుతుంది. ఒక రాత్రి గాలికి ఆరనిస్తే చాలావరకు మళ్లీ ముడుచుకుంటుంది, కాని బండి అంత పాతదైతే కొత్తది వేయడమే మేలు. జెట్లను (పెట్రోల్ కొలతగా వచ్చే సన్నని రంధ్రాల ముక్కలను) తీగతో పొడవకూడదు. రంధ్రం పెద్దదైతే తరువాత వచ్చే వాసన సైలెన్సర్ నుంచి వస్తుంది.

ఇంజను ఆయిల్లో పెట్రోల్

ఓవర్‌ఫ్లో అయిన ప్రతి బండికీ ఈ పరీక్ష తప్పనిసరి. నీడిల్ పట్టక, కాక్ ఆన్‌లో ఉండిపోతే, పెట్రోల్ ఇన్‌టేక్ దారిన సిలిండర్‌లోకి చేరి, రింగుల సందుల్లోంచి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూడాలి, మట్టం పైగీత దాటిందేమో చూడాలి. ఆయిల్ తనంతట తాను పెరగదు. పెరిగి, నీళ్లలా పలుచబడి, పెట్రోల్ వాసన వస్తుంటే ఆ బండిని వీధి చివరిదాకా కూడా నడపకూడదు, ఎందుకంటే లీటరుకు అటూఇటూ ఉండే ఆ ఆయిలే బేరింగులను, కామ్‌ను కాపాడుతోంది. లోపం సరిచేశాక ఆయిల్ మార్చి, ఆ తరువాతే స్టార్ట్ చేయాలి. కిక్ రాడ్డు మధ్యలో గోడకు తగిలినట్టు ఆగిపోతే బలం ఉపయోగించి తొక్కవద్దు. సిలిండర్‌లో పెట్రోల్ నిండి ఉండవచ్చు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ప్లగ్ క్యాపును దూరంగా తొలగించి ఉంచి, మెల్లగా కిక్ కొట్టి బయటకు వెళ్లగొట్టాలి. ఆర్‌ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండ్లకు క్రాంక్ గదిలో పుల్లతో కొలిచే ఇంజను ఆయిల్ ఉండదు కాబట్టి ఆ పెట్రోల్ అక్కడే నిలిచి, ప్లగ్ తడిసి, స్టార్ట్ కాకపోవడం ద్వారా తెలుస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత కూడా అప్పుడే తీసి చూడాలి. స్పాంజి పెట్రోల్‌తో తడిసి ఉంటే, కార్బరేటర్ బాగుచేసినా ఆ వాసన రోజుల తరబడి వదలదు, కొత్త లోపమేదో వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది.

సైలెన్సర్ నుంచి వచ్చే వాసన

ఎక్కడా తడి లేకుండా, నడిచేటప్పుడే ఘాటుగా కళ్లు మండేలా వాసన వస్తే పెట్రోల్ కారడం లేదు, పూర్తిగా కాలడం లేదు. చల్లని ఇంజను స్టార్ట్ కావడానికి వాడే చోక్ మీట కిందికి దిగినా లోపలి ముక్క తిరిగి మూసుకోకపోవడం, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిపోవడం, ప్లగ్ బలహీనపడి కొన్ని మంటలు తప్పిపోవడం, గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ సరిగా లేకపోవడం, ఈ నాలుగింటినీ ఈ వరుసలోనే చూడాలి. ప్లగ్ మొన పొడి మసితో నల్లగా ఉంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని తెలుస్తుంది; లేత గోధుమరంగు ఉంటే బాగున్నట్టు. గజపతినగరం, బొబ్బిలి వైపు మట్టిరోడ్ల మీద తిరిగే బండ్లకు ఫిల్టర్ శుభ్రం చేయడంతోనే ఈ వాసన చాలాసార్లు పోతుంది.

మరమ్మతు తరువాత

బాగుచేసిన భాగం చుట్టూ పాత మరకను పూర్తిగా తుడిచి, మళ్లీ పౌడరు ఊది, ట్యాంకును సగానికి పైగా నింపాలి. ఖాళీ ట్యాంకుతో చేసిన పరీక్షలో ఒత్తిడి తక్కువగా ఉండి సన్నని లీకు దాక్కుంటుంది. మొదట కాక్ ఆన్‌లో ఒక గంట సెంటర్ స్టాండు మీద, తరువాత ఒక గంట సైడ్ స్టాండు మీద కాగితాలు పరిచి చూడాలి. ఆ తరువాత ఐదారు కిలోమీటర్లు నడిపి, వేడిగా ఉండగానే ఆపి, కాక్ చుట్టూ, గిన్నె అతుకు దగ్గర టార్చితో మరొకసారి చూడాలి, ఎందుకంటే వేడికి వ్యాకోచించినప్పుడు మాత్రమే తెరుచుకునే సందులు కొన్ని ఉంటాయి. ఇవన్నీ పొడిగా ఉంటే ఆ రాత్రికి కూడా బండిని బయటే ఉంచి, కాక్ ఆఫ్ చేసి, ఉదయం ఆయిల్ పుల్ల తీసి మట్టం మారలేదని చూసుకున్నాక వరండాలోకి ఎక్కించుకోవచ్చు.